నలభై ఒకటో నియమం

మార్చి 4

బల్ల మీద పుస్తకం పెట్టి వెళ్ళారు. రాతప్రతి కాదు, పుస్తకం. అచ్చయి, అట్ట వేసుకుని, దుకాణాలకి బయల్దేరిపోయాక నా ముఖాన ఒక కాపీ.

అట్ట మీద మా కంపెనీ వీడియో ఆట పేరు, ‘బూడిద ఏరు’. కింద నవల పేరు, ‘తిరుగు పడవ’. పదకొండేళ్ళుగా ఈ ఆటలోని లోకానికి నియమావళి రాసి, దాన్ని కళ్ళలో వత్తులేసుకుని కాపాడుతున్నవాణ్ణి నేను. ఎవరు ఏ మంత్రం వేస్తే ఏం పోగొట్టుకుంటారు, ఆకాశంలో ఎంతమంది చంద్రులుంటారు, ఎవరు ఎక్కడ చచ్చారు, అన్నీ నా దగ్గరే ఉంటాయి. ఆ లోకం మీద నవల వస్తుంటే నాకు చూపించకుండా అచ్చేశారు.

భోజనం వేళకి నూటయాభై పేజీలు చదివాను. ఎనభై ఎనిమిదో పేజీలో ఆకాశంలో ఒకే చంద్రుడు. మా లోకానికి ఇద్దరు. నూట ముప్ఫైలో మంటని పిలిచే మంత్రగత్తె గుసగుసలు వింటుంది. మంటని పిలిచినవాళ్ళకి చెవులు పోతాయి. ఇరవై రెండో నియమం.

ఇవన్నీ పోనీ అనుకున్నా, రెండువందల పన్నెండో పేజీలో సేనాని తిరిగొచ్చింది.

రెండో ఆటలో చచ్చిపోయిన సేనాని. లక్షలమంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ తెర ముందు కూర్చుని ఏడ్చిన సేనాని. ఆవిడ ఏరు దాటి, తడి బూట్లతో, తాపీగా నడిచొచ్చింది.

ఏరు దాటినవాళ్ళు తిరిగి రారు. నలభై ఒకటో నియమం. అంతే. దాని తరవాత చుక్క.

మార్చి 5

ఇరవై ఆరు తప్పులు. ఇంకా సగం పుస్తకం ఉంది.

మార్చి 6

పుస్తకం ఇంట్లో మరిచిపోయి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి అక్క చదువుతోంది. ఆసుపత్రి నించి వచ్చి, నర్సు బట్టలైనా మార్చుకోకుండా, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని.

చదవనీ.

మార్చి 9

అరవై మూడు. పేజీ నంబరు, వాక్యం, ఏ నియమానికి విరుద్ధం, ఎందుకు విరుద్ధం, అన్నీ రాసి పదకొండు కాగితాలు మేనేజరు ముందు పెట్టాను. ఆయన పై కాగితం చూసి, కింది కాగితం చూసి, మధ్యవి చూడలేదు.

“ఏమయ్యా చట్టం, పుస్తకం బయటికెళ్ళిపోయింది కదా, ఇప్పుడిదేం చేసుకోమంటావు?”

ఆఫీసులో నన్ను చట్టం అంటారు. వెనక అనేవాళ్ళు, ఇప్పుడు ముందే అంటున్నారు.

“అచ్చుకి ముందు నాకెందుకు చూపించలేదండీ?”

“నీకు చూపిస్తే ఏమవుతుంది? ఆర్నెల్లు నీ బల్ల మీద పడుంటుంది. పోయినసారి ఒక బొమ్మల పుస్తకంలో గుర్రం ఉందని నాలుగు నెలలు ఆపావు.”

“బురదనేలలో గుర్రాలు ఉండవండీ.”

“పిల్లలు చూసుకునే బొమ్మల పుస్తకం అది!”

పిల్లలకైతే అబద్ధం చెప్పొచ్చు కాబోలు. ఆ మాట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆయన జాబితాని సొరుగులో పడేసి, “ఇది మన నలుగురిలో ఉండనీ. గోల చెయ్యకు” అన్నాడు. నలుగురు ఎవరో నాకు తెలీదు. గదిలో ఇద్దరమే ఉన్నాం.

మార్చి 11

నెట్‌లో ఆటగాళ్ళ పేజీ నడిపే అతను ఒకడున్నాడు. గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటాడు కాబట్టి అందరూ గుడ్లగూబ అంటారు. నియమాలంటే ప్రాణం పెడతాడు. అతనికి జాబితా పంపాను. అభిప్రాయం కోసం మాత్రమే. ‘మీ దగ్గరే ఉంచుకోండి’ అని రాసే పంపాను.

మార్చి 13

జాబితా అంతటా ఉంది. ఎలా వెళ్ళిందో ఏమో.

పొద్దున్నే తెరిచేసరికి వేలమంది చదివేశారు. అరవై మూడింటికీ అరవై మూడు బొమ్మలు గీశాడు ఒకడు. ఇంకొకడు పుస్తకాన్ని చెత్తబుట్టలో పెట్టి ఫొటో తీశాడు. ‘ఈవిడ ఆటని కళ్ళతో చూసిందా, కాళ్ళతో చూసిందా?’ అని రచయిత్రి గురించి ఒకరు. ఇది నిజంగానే బాగుంది. నవ్వొచ్చింది. కొన్ని మరీ మోటుగా ఉన్నాయి, అలాంటివి నాకిష్టముండదు. అన్నీ చదివాను.

ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు. వెటకారమో గౌరవమో తెలీలేదు. గౌరవమే అయుంటుంది.

మార్చి 15

అక్కతో పోట్లాట.

ఆవిడ పుస్తకం మూసి ముక్కు చీదుకుంటుంటే అడిగాను, జలుబా అని.

“జలుబేంట్రా! ఆ కాపలావాడు పాపం. ఆ సేనానిని తెచ్చుకోవడానికి పడవవాడికి తన పేరిచ్చేశాడు. ఆవిడొచ్చి వాణ్ణే అడుగుతుంది, ‘ఎవరు నువ్వు?’ అని. వాడేమో, ‘దారినపోయేవాణ్ణమ్మా’ అంటాడు. ఆ ఒక్క మాటకి నా ప్రాణం ఉసూరుమంది.”

“అక్కా, అది ఆ లోకంలో జరగదు.”

“ఏది జరగదు?”

“చచ్చినవాళ్ళు తిరిగి రావడం.”

“ఈ లోకంలోనూ జరగదు. అందుకేగా పుస్తకం చదివేది.”

“నీకు తెలీదు. దానికో నియమం ఉంది.”

“ఉంటే ఉండనీ. నాకు ఇరవై ఏడేళ్ళ సర్వీసు. వార్డులో చచ్చినవాళ్ళ మొహాల మీద దుప్పటి కప్పేది నేను. నాకు చెప్తావేంట్రా నువ్వు, చచ్చినవాళ్ళు తిరిగి రారని?”

పుస్తకం నా చేతికివ్వకుండా తన సంచీలో పెట్టుకుంది. వార్డులో ఇంకో నర్సుకి ఇస్తుందట. నా కాపీ అది. అందులో నా పెన్సిలు గీతలున్నాయి.

“ఆ గీతలేంటిరా పుస్తకం నిండా, గీరుకుపోయిన పుండులాగా,” అంది వెళ్తూ.

మార్చి 18

ఇప్పుడు వెలిగింది. పేరు ఇచ్చేసి మనిషిని తెచ్చుకోవడం అనేది ఈ రచయిత్రి బుర్రలో పుట్టింది కాదు. అది పొడుగ్గాడిది.

ఈ డైరీలో వాడి పేరు రాయనని అనుకున్నాను, రాయను. పొడుగ్గాడు చాలు. ఈ లోకాన్ని మొదట ఇద్దరం కలిసి కల్పించాం, నేనూ వాడూ, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని. తొమ్మిదేళ్ళయ్యాక ఇంకో కంపెనీవాళ్ళు పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు. ‘నువ్వూ రారా’ అన్నాడు, తనకి పెట్టిన కుర్చీ పక్కన నాకూ ఓ స్టూలు వేయిస్తానన్నట్టు. వెళ్ళలేదు. ఎవరో ఒకరు ఉండాలి కదా.

నలభై ఒకటో నియమానికి అప్పట్లో ఇంకో రెండు వాక్యాలు ఉండేవి. ‘పడవవాడికి తన పేరు ఇచ్చేసినవాడు ఒక్కరిని, ఒక్కసారి తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ తరవాత, తెచ్చుకున్నవాళ్ళతో సహా ఎవరికీ అతను గుర్తుండడు.’ ఏ ఆటలోనూ వాడలేదు. వాడి మార్కు ఏడుపు. ఐదో ప్రతిలో నేనే తీసేశాను. సవరణ. నియమావళి అన్నాక సవరణలు ఉంటాయి. ఐదో ప్రతి అందరికీ పంపాను.

మరి ఈవిడకి ఆ రెండు వాక్యాలు ఎలా తెలిశాయి? పొడుగ్గాడు చెప్పి ఉండాలి. వెళ్ళిన చోట కుదురుగా ఉండక, ఇక్కడ నా ఇంట్లోకి నిప్పు విసిరాడు.

ఫోన్ చేసి అడిగేద్దామనుకున్నాను. చెయ్యలేదు. వాడికి నా గొంతు వినిపించాల్సిన అవసరం లేదు.

మార్చి 20

రచయిత్రి దగ్గర్నించి ఆఫీసుకి కవరు వచ్చింది. మేనేజరు తెరిచి, చదివి, నా బల్ల మీద పడేశాడు. ఆవిడ బడిలో లెక్కల టీచరట. ఉత్తరం కూడా లెక్క చేసినట్టే ఉంది.

‘అయ్యా, మీ జాబితా అందింది. నాకు మీ సంస్థ పంపిన నియమావళి నాలుగో ప్రతి. అందులో నలభై ఒకటో నియమం ఉన్న పేజీ నకలు జతచేస్తున్నాను. దయచేసి చదివి, నేను ఎక్కడ తప్పానో చెప్పండి.’

నకలు చూశాను. నాలుగో ప్రతే. మూడు వాక్యాలూ ఉన్నాయి.

పాతది ఎవరు ఇచ్చారో నాకు తెలుసు.

మార్చి 21

ఐదో ప్రతి అందరికీ పంపాను. నాకు గుర్తుంది.

మార్చి 22

పంపాను. కిటికీ పక్కన కూర్చుని, టీ చల్లారిపోతుంటే, ఒక్కొక్కరి పేరూ చూసి పంపాను. గుర్తుంది.

మార్చి 24

ఆదివారం. ఆఫీసులో ఎవరూ లేరు. కాపలా అతను నవ్వి తాళం తీశాడు.

రెండేళ్ళ కిందటి ఉత్తరాలన్నీ తీశాను. పొడుగ్గాడు ఆవిడకి ఏమీ పంపలేదు. పంపింది నేను. ఆగస్టులో. నాలుగో ప్రతి జతచేసి, కింద ఇలా రాశాను: ‘ఇదే తుది ప్రతి. దీన్నుంచి ఒక్క అక్షరం కూడా దాటవద్దని మనవి.’ కింద నా పేరు, నా హోదా, నా ఫోన్ నంబరు.

ఆవిడ ఒక్క అక్షరం దాటలేదు.

ఐదో ప్రతి తయారైంది నవంబరులో. పొడుగ్గాడు వెళ్ళిపోయిన నాలుగో రోజు. మార్పుల పట్టీ తెరిచాను. ఆ పట్టీ పెట్టింది కూడా నేనే. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా తేదీ, కారణం రాయాలని ఆఫీసులో అందరి ప్రాణాలూ తోడేసింది నేనే. ఒకే రోజున నలభై ఎనిమిది మార్పులు. నలభై ఎనిమిదీ తీసివేతలే. కారణం రాయాల్సిన గడులు నలభై ఎనిమిదీ ఖాళీ.

ఐదో ప్రతి ఎవరికి పంపానో వెతికాను. సాయంత్రం దాకా వెతికాను.

కిటికీ పక్కన కూర్చున్న మాట నిజమే. టీ చల్లారిన మాటా నిజమే.

మార్చి 25

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 26

జాబితా మళ్ళీ చూశాను. అరవై మూడులో యాభై ఒకటి ఆ రోజు నేను తీసేసినవాటి వల్ల వచ్చినవి. నిజమైన తప్పులు పన్నెండు. ఒకే చంద్రుడు నిజమైన తప్పే. అది మాత్రం తప్పే.

మార్చి 27

మేనేజరుకి చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. గుడ్లగూబకి పంపిన సంగతి తప్ప.

ఆయన కోప్పడతాడనుకున్నాను. లేచి తలుపు మూసొచ్చి, నా భుజం తట్టాడు.

“ఇది ఎవరికీ చెప్పకు. చెప్పావంటే మన కొంప మునుగుతుంది. అసలు నీ జాబితా మనకి కలిసొచ్చింది తెలుసా? ఆవిడతో ఇంకో రెండు నవలలకి ఒప్పందం ఉంది. ఆ రెండూ ఇప్పుడు పైవాళ్ళలో ఒకాయన బావమరిదితో రాయిద్దామని అనుకుంటున్నారు. నియమాలు పాటించలేదనే కారణం మీద ఈవిణ్ణి తప్పించొచ్చు. కాగితాలు తయారవుతున్నాయి.”

“కానీ ఆవిడ పాటించారండీ.”

“అది నీకు తెలుసు, నాకు తెలుసు.”

“ఆవిడకీ తెలుసండీ. నకలు పంపారుగా.”

“ఒక టీచరమ్మ మాట ఎవడు వింటాడయ్యా? నీ మాట వింటారు. నువ్వు చట్టానివి.” అని నవ్వాడు. “పదకొండేళ్ళలో నువ్వు చేసిన పనికొచ్చే పని ఈ జాబితా ఒక్కటే.”

ఒళ్ళు మండిపోయింది. నా నియమాలు వీడికి ఎప్పుడూ చేదే. గుర్రం దగ్గర చేదు, చంద్రుడి దగ్గర చేదు. ఇవాళ ఒక మనిషి మెడ మీద పెట్టడానికి కత్తి కావాల్సొచ్చేసరికి తీపి అయ్యాయి. బల్ల మీదున్న నీళ్ళగ్లాసు విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. “సరేనండీ” అన్నాను.

సరేనండీ అన్నాను. ఇది చదువుకున్నప్పుడల్లా నాకు కనబడాలని రెండోసారి రాస్తున్నాను.

మార్చి 29

ఆవిడ పనిచేసే బడికి వెళ్ళాను. చివరి గంట కొట్టాక పిల్లలందరూ గేటులోంచి వరదలా వచ్చేశారు, నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. టీచర్ల గదిలో ఆవిడ ఒక్కరే ఉన్నారు, పరీక్ష కాగితాల కట్టల మధ్య. యాభై దాటిన మనిషి. వేళ్ళకి ఎర్రసిరా. నేను ఎవరో చెప్పాను.

“కూర్చోండి,” అన్నారు. చేతిలో కాగితం దిద్దడం ఆపలేదు. “దారిలో ఎనిమిదో తరగతి తలుపు చూశారా?”

“లేదండీ.”

“సుద్దతో రాశారు. ‘నియమం 41: టీచర్లు తిరిగి రారు’ అని. మంచి దస్తూరి. వాడెవడో నాకు తెలుసు, మార్కులు మాత్రం తగ్గించను.”

చెప్పాల్సింది చెప్పాను. నాలుగో ప్రతి, ఐదో ప్రతి, నవంబరు, నిజమైన తప్పులు పన్నెండేనని. గుడ్లగూబ సంగతి కూడా చెప్పాను. ఇది ఇక్కడైనా నిజం రాయాలి: అభిప్రాయం కోసం పంపలేదు. ఏమవుతుందో తెలిసే పంపాను.

అప్పుడు ఆవిడ కలం కింద పెట్టారు.

“ఎందుకు తీసేశారు ఆ రెండు వాక్యాలు?”

“సవరణలో…”

“నేను పిల్లల్ని అడిగేటప్పుడు ఇలా నీళ్ళు నమిలితే బెంచీ ఎక్కిస్తాను.”

“అవి ఇంకొకరు రాసినవి. ఆయన వెళ్ళిపోయాడు. కోపమొచ్చింది.”

ఆవిడ గొంతు పెద్దది చేయలేదు. చేసుంటే బాగుండేది.

“మీ కంపెనీ నాకు మూడొందల నలభై పేజీల నియమాలు పంపింది. ఏ గడ్డి ఏ రంగులో ఉంటుందో కూడా ఉంది అందులో. చదివి, ఇది నావల్ల కాదు, వెనక్కి పంపేద్దామనుకున్నాను. నలభై ఒకటి దగ్గర ఆగిపోయాను. మొత్తం పుస్తకంలో మనిషి రాసినట్టున్నవి ఆ రెండు వాక్యాలే. వాటి కోసమే ఒప్పుకున్నాను. రెండేళ్ళు, బడయ్యాక, ఇదే బల్ల దగ్గర కూర్చుని రాశాను. మీకు ఎవరి మీదో కోపమొస్తే నా రెండేళ్ళు చెత్తబుట్టలో పడెయ్యడమేనా?”

“క్షమించండి.”

“అది నాకొద్దు. ఇక్కడ, తలుపు మూసిన గదిలో, మీరూ నేనూ ఉండగా చెప్పే క్షమాపణ నాకు దేనికి? ఆ జాబితా ఎక్కడ పెట్టారో అక్కడే చెప్పండి. మీ పేరు పెట్టి చెప్పండి.”

“నా ఉద్యోగం…”

“ఒకే చంద్రుడు,” అన్నారావిడ. “ఎనభై ఎనిమిదో పేజీ. అది నా తప్పు. మర్చిపోయాను. మిగతా పదకొండూ కూడా నావే. చూశారా? ఎంతసేపు పట్టింది నాకు?”

మళ్ళీ కలం అందుకుని తరవాతి కాగితం తీశారు. నేను లేచొచ్చేశాను.

మార్చి 31

ఎవరు ఈవిడ నాకు చెప్పడానికి! నాకు లేదా ఆ బుద్ధి? చెప్పాలనుకునే కదా వెళ్ళాను. కాస్త ఊపిరి తీసుకోనివ్వొచ్చు.

ఏప్రిల్ 1

ఇవాళ చెబితే ఎవరూ నమ్మరు. తమాషా అనుకుంటారు.

ఏప్రిల్ 2

రాశాను. నాలుగు పేజీలు. నియమావళి అంటే ఏమిటి, ప్రతులెందుకు మారతాయి, సంస్థ నాకు ముందుగా చూపించి ఉంటే ఏమయ్యేది, అన్నీ వివరంగా. అక్కకి చదివి వినిపించాను. ఆవిడ టమాటాలు తరుగుతూ విన్నది.

“ఇందులో ‘అయితే’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడు.”

చూశాను. పద్నాలుగు.

“మా వార్డులో ఒక డాక్టరున్నాడు. తప్పు మందు రాసి, దొరికినప్పుడల్లా ఇలాగే మాట్లాడతాడు. పేషెంటుకి వినే ఓపిక ఉండదురా.”

“నా ఉద్యోగం పోతుందే.”

“పోతుంది,” అంది. పోదులే అంటుందని చూశాను. టమాటాలు గిన్నెలో వేసి చెయ్యి తుడుచుకుంది. “పోతే పోయిందని ఊరుకునేదాన్ని కాను. నాకూ భయమే. అయినా ఆ టీచరు రేపొద్దున్న ఎనిమిదో తరగతిలోకి నడవాలి కదరా.”

ఏప్రిల్ 4

పొద్దున ఎనిమిదిన్నరకి, ఆఫీసుకి వెళ్ళేముందు, ఆటగాళ్ళ పేజీలో పెట్టాను. నాలుగు పేజీలు పోయి ఇంత మిగిలింది:

‘ఈ లోకపు నియమాలు చూసుకునేవాణ్ణి నేను. ‘తిరుగు పడవ’లో అరవై మూడు తప్పులున్నాయని జాబితా రాసింది నేను. దాన్ని బయటికి పంపింది నేను. అందులో యాభై ఒకటి తప్పులు కావు. రచయిత్రికి నేను పంపిన నియమావళి ప్రకారం అవి సరైనవే. పంపిన తరవాత నియమాలు మార్చాను. ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మిగిలిన పన్నెండూ తన తప్పులేనని ఆమె వెంటనే ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోవడానికి పదకొండు రోజులు పట్టింది.’

కింద నా పేరు. నకలు. నా ఆగస్టు ఉత్తరం.

పదకొండింటికి మేనేజరు పిలిచాడు. ఇవాళ తలుపు మూయలేదు. అందరూ వినాలనే మూయలేదు. ఆయన కూర్చోమనకపోయినా కూర్చున్నాను.

“ఎవర్నడిగి పెట్టావు?”

“ఎవర్నీ అడగలేదండీ. నన్నడిగి అచ్చేశారా మీరు?”

“కంపెనీ పరువు బజారున పడేశావు!”

“ఆవిడ పరువు బజారున పడి మూడు వారాలైంది. మీరు దాని మీద కాగితాలు తయారు చేయించారు. ఆ మాట మాత్రం నేను రాయలేదు. ఆవిడ ఒప్పందం రద్దు చెయ్యండి, అదీ రాస్తాను. బావమరిదితో సహా రాస్తాను.”

నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. బయట కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. గ్లాసు విసరలేదు కానీ బల్ల మీద గుద్దాను. చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది. ఇది రాయడానికీ కష్టంగా ఉంది. అయినా బాగుంది.

మధ్యాహ్నానికి ఉద్యోగం పోయింది.

ఏప్రిల్ 6

మొన్న ఆవిణ్ణి తిట్టినవాళ్ళే ఇవాళ నన్ను తిడుతున్నారు. అదే బొమ్మలవాడు నా బొమ్మ గీశాడు, చేతిలో కత్తెర, కళ్ళకి గంతలు. చెత్తబుట్టలో పుస్తకం పెట్టినవాడు మాత్రం ఏమీ జరగనట్టు పుస్తకాన్ని అరలో పెట్టి ఫొటో తీశాడు. ఒక్కడు కూడా ఆవిడకి సారీ చెప్పలేదు. వెతికాను. గుడ్లగూబ అయితే ‘మొదటినించీ నాకు అనుమానంగానే ఉంది’ అని రాశాడు. వీడి మొహం మండ.

వీళ్ళని ఎగదోసింది నేనే. అదీ నిజమే.

ఏప్రిల్ 9

ఆఫీసులో ఇదివరకు నన్ను చూసి లేచి నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు. టీచరుగారి ఒప్పందం అలాగే ఉందట. మిగతా రెండు నవలలూ ఆవిడే రాస్తారట. నలభై ఒకటో నియమంలో రెండు వాక్యాలూ తిరిగి పెట్టారట. కారణం గడిలో ఏం రాయాలో తెలీక ‘పాతది’ అని రాశారట.

ఏప్రిల్ 10

పొడుగ్గాడికి ఫోన్ చేశాను. రెండేళ్ళ తరవాత. ఆ వాక్యాలు వాడివి, వాడికి చెప్పాల్సిన బాధ్యత ఉందనిపించింది. అంతే, ఇంకేం లేదు.

మొదటి రింగుకే ఎత్తాడు. “చదివానురా. అంతా చదివాను. ఎలా ఉన్నావు?”

“బాగానే ఉన్నాను. నీ వాక్యాలు తిరిగి పెట్టారు. నువ్వెళ్ళాక నేనే తీసేశాను, అది చెప్పడానికే చేశాను.”

“నా వాక్యాలేంటి?”

“నలభై ఒకటి. పేరివ్వడం.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

“ఒరేయ్, అవి నావి కావురా. నావి ఎలా అవుతాయి? నేను వద్దన్నాను. చచ్చినవాళ్ళు తిరిగొస్తే ఆటకి విలువేముంటుందన్నాను. నువ్వే పట్టుబట్టి రాశావు. ఒప్పుకునేదాకా నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మర్చిపోయావా?”

“అబద్ధం,” అన్నాను.

“సరే, నాదే అబద్ధం,” అన్నాడు. కోపంగా అనలేదు. “ఎప్పుడైనా టీకి రా.”

పెట్టేశాను. వీడికి ఎప్పుడూ ఇంతే, పెద్దమనిషి వేషం.

ఏప్రిల్ 11

అబద్ధం.

ఏప్రిల్ 12

మొదటి నోట్‌బుక్కు అల్మారా మీద, అట్టపెట్టెలో ఉంది. దించలేదు.

ఏప్రిల్ 13

దించాను.

నా చేతిరాతే. రెండు వాక్యాలూ. పక్కన వాడు పెన్సిలుతో ‘వద్దు’ అని రాశాడు. దాని కింద నేను ‘కావాలి’ అని రాసి మూడు గీతలు గీశాను, కాగితం చిరిగేంత గట్టిగా.

ఎంత వెధవని! వాడి మీద కోపంతో నా చెయ్యే నరుక్కుని, రెండేళ్ళు వాడి చెయ్యి నరికాననుకుని తిరిగాను. టీచరుగారు ఎదురుగా కూర్చుని, పుస్తకం మొత్తంలో మనిషి రాసినట్టున్నవి ఇవే అంటే, అవి ఇంకొకరివని చెప్పొచ్చాను. ఆ మాట నాకు చెందే మాట. పదకొండేళ్ళలో నాకు చెందే మంచి మాట అదొక్కటే, దాన్నీ వాడికిచ్చి వచ్చాను.

అక్కకి చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నోట్‌బుక్కు తీసుకుని ఆ పేజీని అరచేత్తో సాఫుచేసింది.

ఏప్రిల్ 19

టీచరుగారి దగ్గర్నించి ఇంటికి ఉత్తరం. ఎర్రసిరా. ‘అయ్యా’ లేదు, ‘నమస్కారం’ లేదు.

‘రెండో నవల మొదలుపెట్టాను. ఒక సందేహం. పడవవాడికి పేరు ఇచ్చేసినవాడికి, తన పేరు తనకైనా గుర్తుంటుందా? మీ నియమావళిలో లేదు. ఇప్పుడున్నవాళ్ళని అడిగితే తెలీదన్నారు.’

కోపమొచ్చింది. ఇన్నేళ్ళలో ఏ గడ్డి ఏ రంగో అడిగినవాళ్ళున్నారు, ఇది ఒక్కళ్ళూ అడగలేదు. నేనూ అడగలేదు. రాసినవాణ్ణి నేనై ఉండీ ఆ మనిషి పడవ దిగి ఎటు వెళ్తాడో, రాత్రి ఎక్కడ పడుకుంటాడో, ఎవరైనా పిలిస్తే ఏమని పలుకుతాడో ఆలోచించలేదు.

రాత్రి దాకా ఆలోచించాను. గుర్తుంటుంది అని రాసి కొట్టేశాను. గుర్తుండదు అని రాసి కొట్టేశాను. రెంటికీ పేజీలకి పేజీలు కారణాలు చెప్పగలను. ఏదీ నిలబడటంలేదు.

ఏప్రిల్ 21

జవాబు పోస్టు చేశాను.

‘ఆ రెండు వాక్యాలు రాసింది నేనే. ఆ రోజు మీకు తప్పు చెప్పాను. మీ ప్రశ్నకి జవాబు నాకు తెలీదు. మీరు రాయండి, చదువుతాను.’